చివరి సాన

పాఠ్యాంశ సందర్భం

చేతివృత్తులు జాతి విజ్ఞానానికి నిలయాలు. కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, నేతగాడు, క్షురకుడు మొదలైన వృత్తులవారు గ్రంథాలకు ఎక్కని శాస్త్రాన్ని తమ చేతులలో భద్రపరచుకొన్నారు. హైదరాబాదు పాతబస్తీలో ఒకప్పుడు నిత్యజీవితంలో భాగమైన మంగలికత్తి, దానికి తుది పదును పెట్టే సానరాయి ఈ పాఠంలోని విషయాలు. ఒక చిన్న రాతి ఎంపికలో ఇమిడి ఉన్న విజ్ఞానాన్నీ, వృత్తిధర్మాన్నీ విద్యార్థులకు పరిచయం చేయడం దీని ఉద్దేశం.

పాఠం

'సాన' అనే మాట తెలుగువారికి చిరపరిచితం. గంధపు చెక్కను అరగదీసే రాయి సాన. కత్తిని నూరే రాయి సాన. రత్నానికి మెరుగు పెట్టడం సానపట్టడం. కృషితో ప్రతిభను పెంచుకొన్న వ్యక్తిని సానపట్టిన వజ్రమని మెచ్చుకొంటారు. ఈ ప్రయోగాలన్నింటిలోనూ ఒకే భావం కనిపిస్తుంది. ఒక వస్తువులో దాగి ఉన్న గుణం మరొక వస్తువుతో ఓపికగా సాగే ఒరిపిడి వల్ల వెలికి వస్తుంది. గంధపు చెక్కలోని పరిమళం, రత్నంలోని కాంతి, ఉక్కులోని పదును ఈ విధంగానే లోకానికి తెలుస్తాయి.

అయితే ఏ రాయి దేనికి తగినదో తెలుసుకోవడం తేలిక కాదు. గడ్డి కోసే కొడవలికి గరుకైన ఇసుకరాయి సరిపోతుంది. కూరలు తరిగే కత్తిపీటను ఇంటి మెట్టు మీద నూరినా ఆ పూటకు పని గడుస్తుంది. మంగలికత్తి సంగతి వేరు. అది మనిషి చెక్కిలి మీద, దవడ కింద, కంఠం మీద నడుస్తుంది. గడ్డం చేయించుకొనే మనిషి కళ్ళు మూసుకొని, తల వెనక్కు వాల్చి తన గొంతును మరొకరి చేతికి అప్పగిస్తాడు. ఆ నమ్మకాన్ని నిలబెట్టే భారం క్షురకుని చేతి మీద ఎంత ఉంటుందో, అతడు కత్తిని చివరిసారిగా ఆడించిన రాతి మీద కూడా అంతే ఉంటుంది. అందువల్ల తుది సానను ఎన్నుకోవడం ఆ వృత్తిలో కీలకమైన నిర్ణయంగా ఉండేది.

పాతబస్తీలో మంగలికత్తి

1591లో నిర్మితమైన చార్మినారు చుట్టూ విస్తరించిన హైదరాబాదు నగరం చేతిపనులకు పేరు పొందింది. లాడ్‌బజారు గాజులు, ముత్యాల వ్యాపారం, వెండిరేకు కొట్టే పని లోక ప్రసిద్ధాలు. వాటి పక్కనే, అంత ప్రసిద్ధి లేకపోయినా, ప్రతి మనిషికీ అవసరమైన క్షురకవృత్తి వర్ధిల్లింది. పాతబస్తీలో రెండు భాషలు కలిసి బతికినట్టే ఈ వృత్తిలోని మాటలూ జంటలుగా బతికాయి. తెలుగువారి మంగలికత్తి ఉర్దూలో ఉస్తరా. తెలుగువారి సానరాయి అక్కడ సిల్లీ. కత్తిని చివరగా తుడిచినట్టు ఆడించే తోలుపట్టా అక్కడ చమోటా. మాటలు వేరైనా పనిముట్లు ఒకటే, వాటిని పట్టే నేర్పూ ఒకటే.

క్షురకుని పొదిలో కత్తి, కత్తెర, దువ్వెన, నీళ్ళ గిన్నె, గోళ్ళు తీసే పనిముట్టుతో పాటు అరచేతిలో ఇమిడే సానరాయి ఒకటి తప్పనిసరిగా ఉండేది. ఇళ్ళకు వెళ్ళి పనిచేసే కాలంలోనైనా, వీధి మూలలో చెట్టు నీడన పీట వేసుకొన్న కాలంలోనైనా, అద్దాలు, తిరుగుడు కుర్చీలు గల దుకాణాలు వచ్చిన కాలంలోనైనా ఆ రాయి అతనిని విడిచిపెట్టలేదు. వాడగా వాడగా నడుమ అరిగి పల్లమైన సాన ఒక మనిషి జీవితకాలపు శ్రమకు సాక్ష్యంగా ఉండేది.

పాతబస్తీలో పదును పెట్టే పని మరొక రూపంలోనూ కనిపిస్తుంది. బక్రీదు పండుగకు ముందు రోజులలో వీధుల వెంట కత్తులు అమ్మే, నూరే తాత్కాలిక అంగళ్ళు వెలుస్తాయి. గిర్రున తిరిగే సానచక్రానికి కత్తిని ఆనించగానే నిప్పురవ్వలు లేస్తాయి. మాంసం కోసే బరువైన కత్తికి ఆ చక్రం చాలు. మంగలికత్తిని మాత్రం ఆ చక్రం దరికి తీసుకుపోకూడదు. ఒరిపిడి వల్ల పుట్టే వేడికి పలుచని వాదరలోని ఉక్కు మెత్తబడుతుంది. కమ్మరి కొలిమిలో కాల్చి, నీటిలో ముంచి సంపాదించి పెట్టిన గట్టిదనం క్షణంలో పోతుంది. అందుకే మంగలికత్తికి చల్లని రాయి, చల్లని నీరు, నెమ్మదైన చేయి అవసరమయ్యాయి.

పదును స్వరూపం

కంటికి సన్నని గీతలా కనిపించే వాదర సూక్ష్మదర్శినిలో వేరే విధంగా కనిపిస్తుంది. రెండు వైపుల నుంచి వాలుగా వచ్చిన తలాలు కలిసే అంచే వాదర. ఆ తలాల మీద రాతి రేణువులు గీసిన చారలు ఉంటాయి. ప్రతి చారా అంచు దగ్గర ఒక పన్నుగా ముగుస్తుంది. రేణువు పెద్దదైతే చార లోతుగా ఉంటుంది, పన్ను మొరటుగా ఉంటుంది. అటువంటి కత్తి కూరగాయను కోస్తుంది కాని ముఖాన్ని గీరుతుంది.

ఈ కొలతలను అంకెలలో చెప్పవచ్చు. మిల్లీమీటరులో వెయ్యవ భాగం ఒక మైక్రాను. మనిషి వెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. చక్కగా పదునెక్కిన మంగలికత్తి వాదర మందం అర మైక్రాను లోపే ఉంటుంది. ఇంత సన్నని అంచును ఒకే రాయితో సాధించడం కష్టం. కనుక రాళ్ళను వరుసగా వాడతారు. జపాను ప్రమాణాల ప్రకారం 1000 అంకె గల రాతిలోని రేణువు సుమారు 11.5 మైక్రాన్లు, 4000 అంకె గల రాతిలో సుమారు 3 మైక్రాన్లు, 8000 అంకె గల రాతిలో సుమారు 1.2 మైక్రాన్లు ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ రేణువు చిన్నదవుతుంది. మొదటి రాయి వాదరకు రూపం ఇస్తుంది. రెండవది మొదటి రాతి చారలను చెరిపి తన సన్నని చారలను పెడుతుంది. చివరిది ఆ సన్నని చారలను కూడా దాదాపు మాయం చేసి అంచును నునుపుగా, చర్మానికి హితంగా మారుస్తుంది.

దీనినిబట్టి తుది సాన గురించి ఒక ముఖ్య విషయం తెలుస్తుంది. మొద్దుబారిన కత్తికి అది పదును తేలేదు. ముందు రాళ్ళ మీద రెండు తలాలు అంచు దాకా కలవకపోతే తుది రాతి మీద గంటల తరబడి నూరినా ఫలితం ఉండదు. కత్తి తెగకపోయినప్పుడు చాలామంది చివరి రాతిని నిందిస్తారు. లోపం తరచుగా మొదటి రాతి దగ్గరే ఉంటుంది.

ఉక్కుతో పోల్చితే వెంట్రుక ఎంతో మెత్తనిది. అయినా కత్తి మొద్దుబారుతుంది. దీనికి కారణాన్ని అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రజ్ఞులు 2020లో వెల్లడించారు. వెంట్రుక వంగి వాదరకు వాలుగా తగిలినప్పుడు, ఉక్కు అంతర్నిర్మాణం అన్నిచోట్లా ఒకే విధంగా లేకపోతే, అంచు నుంచి అతి చిన్న పెళ్ళలు ఊడిపోతాయని వారు సూక్ష్మదర్శిని సహాయంతో కనుగొన్నారు. అంచు మీద అంతకుముందే నొక్కులు ఉంటే ఈ నష్టానికి దారి మరింత సులభమవుతుంది. తుది సాన మీద పెట్టిన శ్రమ వృథా కాదని అనుభవంతో తెలుసుకొన్న క్షురకులకు ఈ పరిశోధన శాస్త్రీయమైన తోడు.

సుశ్రుతుని వివేకం

ఈ విజ్ఞానం మన దేశంలో అతి ప్రాచీనం. శస్త్రచికిత్సకు మూలగ్రంథాలలో ఒకటైన సుశ్రుత సంహిత సూత్రస్థానంలో శస్త్రాల గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. శస్త్రాలను నూరడానికి మినుముల రంగు గల నున్నని రాయి కావాలని, పెట్టిన పదును నిలబెట్టడానికి బూరుగు చెక్క పలక వాడాలని సుశ్రుతుడు నిర్దేశించాడు. రాతి పని, ఆ తరువాత మెత్తని పలక పని అనే ఈ రెండు దశలే తరువాతి కాలపు సానరాయి, తోలుపట్టాలలో కనిపిస్తాయి.

పదునుకు సుశ్రుతుడు చెప్పిన పరీక్ష కూడా గమనింపదగినది. శస్త్రం రోమాన్ని తెగగొట్టగలిగినప్పుడే వాడకానికి తగినదని ఆయన భావం. అన్ని శస్త్రాలకూ ఒకే పదును అవసరం లేదని కూడా ఆయన గుర్తించాడు. ఒక పనికి చిరిసెనగ గింజ మందం గల అంచు చాలునని, మరొక పనికి వెంట్రుకలో సగం మందం గల అంచు కావాలని విభజించి చెప్పాడు. ముంజేతి వెంట్రుకల మీద కత్తిని ఆనించి పదును చూసే క్షురకుడు ఆ గ్రంథాన్ని చదివి ఉండకపోవచ్చు. కాని అనుభవం ఇద్దరినీ ఒకే పరీక్ష దగ్గరకు చేర్చింది.

ఉక్కుకు తగిన రాయి

రాతిని ఎన్నుకోవడానికి ముందు ఉక్కును తెలుసుకోవాలి. ఈ విషయంలో తెలంగాణ నేలకు గొప్ప చరిత్ర ఉంది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి తయారుచేసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో హెన్రీ వాయ్‌సీ అనే శాస్త్రజ్ఞుడు ఆ తయారీ పద్ధతిని స్వయంగా చూసి రాసిన వివరణ 1832లో ప్రచురితమైంది. తెలుగు, కన్నడ భాషలలోని 'ఉక్కు' అనే మాటే ఐరోపాలో 'ఊట్జ్'గా మారిందని పండితుల అభిప్రాయం. 1795లో జార్జ్ పియర్సన్ ఈ ఉక్కుపై తన పరిశీలనలను లండన్‌లోని రాయల్ సొసైటీ ద్వారా ప్రకటించాడు. తరువాత మైకేల్ ఫారడే, కత్తుల తయారీలో నిపుణుడైన జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి 1820 ప్రాంతంలో దీనిపై ప్రయోగాలు చేశాడు.

కాలక్రమంలో ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని సోలింగెన్ నగరాలు మంగలికత్తుల తయారీకి ప్రపంచ కేంద్రాలయ్యాయి. ఆ కత్తులలో కర్బనం ఎక్కువ. అవి ఎంతో గట్టివి, అంతే పెళుసువి. ఇటువంటి ఉక్కును అరగదీయాలంటే రాతిలోని రేణువు ఉక్కుకు సమానంగానో, అంతకు మించిగానో గట్టిగా ఉండాలి. అదే సమయంలో ఆ రేణువు అతి చిన్నదిగా ఉండాలి. గట్టిదనం, సూక్ష్మత ఒకేచోట కలిసి ఉన్న రాయే తుది సానకు అర్హమైనది. ఈ రెండూ కలవడం ప్రకృతిలో అరుదు.

హైదరాబాదు చుట్టూ ఉన్న రాళ్ళనే పరీక్షించి చూస్తే ఈ మాట బోధపడుతుంది. నగరం కూర్చున్న నల్లరాయి సుమారు 250 కోట్ల సంవత్సరాల వయస్సు గలది. 1908 నాటి మూసీ వరదల తరువాత జరిగిన నగర పునర్నిర్మాణంలో రూపొందిన పత్థర్‌గట్టీ కమానులు ఆ రాతి గాంభీర్యాన్ని నేటికీ చాటుతున్నాయి. ఆ రాతిలో గట్టి పలుగురాయి ఉంది. కాని దానిలోని స్ఫటికాలు కంటికి కనిపించేంత పెద్దవి. పక్కపక్కనే ఉన్న ఖనిజాల గట్టిదనాలూ వేరువేరు. వాదరకు అది పనికిరాదు. ఇళ్ళలో పరచే తాండూరు, షాబాదు నాపరాళ్ళు నునుపుగా ఉంటాయి. అయితే అవి సున్నపురాళ్ళు. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో పలుగురాయి స్థానం 7 కాగా సున్నపురాతిలోని కాల్సైటు స్థానం 3 మాత్రమే. నునుపు ఉన్నా ఉక్కును కోసే శక్తి వాటికి లేదు. బడిపిల్లల పలకలకు పేరుపొందిన మార్కాపురం పలకరాయి సన్నని రేణువులు గలది. ప్రపంచంలో పలకరాళ్ళ జాతికి చెందిన మంచి సానలు ఉన్న మాట నిజమే. కాని ప్రతి పలకరాయీ సాన కాలేదు. లోపల ఒక్క పెద్ద రేణువు దాగి ఉన్నా అది వాదరను నొక్కుతుంది.

దేశదేశాల సానలు

ప్రపంచంలో తుది సానకు తగిన రాళ్ళు కొన్ని ప్రాంతాలలోనే లభించాయి. బెల్జియంలోని ఆర్డెన్ కొండలలో దొరికే లేత పసుపు వన్నె 'కోటికూల్' రాతిలో అతి చిన్న గోమేదక జాతి గార్నెట్ స్ఫటికాలు నిండి ఉంటాయి. అవి గుండ్రనికి దగ్గరి ఆకారం గలవి కావడం వల్ల లోతుగా గీయకుండా మృదువుగా అరగదీస్తాయి. జర్మనీలోని తురింగియా పలకరాళ్ళు ఒకప్పుడు క్షురకులకు ప్రీతిపాత్రాలు. జపానులోని క్యోటో పరిసరాల గనుల నుంచి వచ్చిన రాళ్ళు ఖడ్గాల తుది మెరుగుకు ప్రసిద్ధి చెందాయి. అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో దొరికే రాయి దాదాపు శుద్ధమైన సిలికా. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన 'నొవాక్యులైట్' అనే పేరు లాటిన్ భాషలో మంగలికత్తి అనే అర్థం గల మాట నుంచి వచ్చింది. ఒక శిలకు క్షురకుని పనిముట్టు పేరు పెట్టడం ఆ వృత్తికి దక్కిన గౌరవమే.

కృత్రిమ సానల చరిత్రలో దక్షిణ భారత భాషలకు స్థానం ఉంది. వజ్రం తరువాత అంతటి గట్టిదనం గల సహజ ఖనిజం కురువిందం. మోస్ కొలమానంలో దాని స్థానం 9. తమిళ, తెలుగు ప్రాంతాలలో వాడిన ఈ మాటే ఆంగ్లంలో 'కొరండం' అయింది. మన కెంపులూ నీలాలూ దాని రూపాలే. 1891లో ఎడ్వర్డ్ అచిసన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు విద్యుత్ కొలిమిలో కర్బనాన్నీ సిలికాన్‌నూ కలిపి కురువిందం కంటే గట్టి పదార్థాన్ని తయారుచేశాడు. ఆ పేరునే అనుసరించి దానిని 'కార్బొరండం' అన్నాడు. నేడు ఇనుప సామాన్ల దుకాణాలలో ఒకవైపు గరుకుగా, మరొకవైపు సన్నగా ఉండి చౌకగా దొరికే సానరాయి ఆ పదార్థంతో చేసినదే. అది కత్తులకూ ఉలులకూ మంచి సాన. మంగలికత్తికి మాత్రం దాని సన్నని వైపు కూడా ఆరంభ దశకే సరిపోతుంది.

ఎంపికలో గమనించవలసినవి

తుది సానను ఎన్నుకొనేటప్పుడు మొదట చూడవలసినది రేణువుల ఏకత్వం. సగటున సన్నగా ఉంటే చాలదు, అంతటా ఒకే తీరుగా ఉండాలి. రాతిని నీటితో తడిపి బొటనవేలి గోరును మెల్లగా జరిపితే దాగి ఉన్న గరుకు తగులుతుంది. తడి ఆరేటప్పుడు సన్నని పగుళ్ళు గీతలుగా బయటపడతాయి. పగులు వాదరకు అడ్డంగా వస్తే కత్తికి కీడు.

రెండవది సమతలం. రోటికీ విసుర్రాతికీ అప్పుడప్పుడు గంట్లు పెట్టి గరుకు చేస్తారు. సానరాతికి దీనికి విరుద్ధమైన సేవ కావాలి. మంగలికత్తిని నూరేటప్పుడు దాని వెన్ను, వాదర రెండూ ఒకేసారి రాతికి ఆనాలి. వెన్ను మందమే వాదర కోణాన్ని నిర్ణయిస్తుంది. ఆ కోణం సాధారణంగా 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటుంది. రాయి నడుమ పల్లమైతే కోణం చెడిపోతుంది. కనుక సానను మరొక చదునైన రాతి మీద రుద్ది తిరిగి సమం చేస్తూ ఉండాలి.

మూడవది నీరా, నూనా అనే నిర్ణయం. రెండూ అరిగిన ఉక్కు పొడిని తొలగించి రాతి ముఖాన్ని తెరచి ఉంచుతాయి. అయితే ఒకసారి నూనె పీల్చుకొన్న రాయి తిరిగి నీటికి లొంగదు. మొదటి రోజున చేసిన నిర్ణయానికి కడదాకా కట్టుబడి ఉండాలి. ముఖం మీద నడిచే కత్తికి నీటి సానే అనుకూలమని భావించేవారు ఎక్కువ.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది, రాతితో చేతికి కలిగే పరిచయం. సహజమైన రాళ్ళలో ఏ రెండూ ఒకే విధంగా ఉండవు. ఒకటి త్వరగా అరగదీస్తుంది, మరొకటి నెమ్మదిగా మెరుగు పెడుతుంది. ఒకదానికి నీరు మాత్రం చాలు, మరొకదాని మీద చిన్న రాతి ముక్కను రుద్ది సన్నని బురద తీయాలి. ఖరీదైన రాళ్ళు పది మార్చేవాని కంటె మంచి రాయి ఒకటి ఏళ్ళ తరబడి వాడినవాడే చక్కని వాదర తీయగలడు. రాతి మీద కత్తి చేసే చప్పుడు, చేతికి తగిలే పట్టు, వాదర ముందు కదిలే నీటి అల అతనికి పని ఎంతవరకు వచ్చిందో చెబుతాయి.

నూరే పద్ధతిలో కూడా ఒక క్రమం ఉంది. రాతి మీద వాదర ముందుకు సాగాలి, వెన్ను వెనుక రావాలి. తోలుపట్టా మీద ఇది తారుమారవుతుంది. అక్కడ వెన్ను ముందు నడుస్తుంది, వాదర వెనుక వస్తుంది. పొరపాటున వాదరను ముందుకు తోస్తే తోలు తెగుతుంది, పదునూ పోతుంది. తుది సాన మీద చేతి బరువు కత్తి బరువుకు మించరాదు. బలం ప్రయోగించవలసిన దశ అప్పటికే దాటిపోయి ఉంటుంది.

వృత్తిధర్మం

ఇంత శ్రద్ధతో పదునెక్కిన కత్తికి ఒక హద్దు ఉంది. రాయి వాదరను నునుపు చేయగలదు కాని రోగక్రిములను తొలగించలేదు. హెపటైటిస్-బి వైరస్ శరీరం వెలుపల కనీసం 7 రోజులు సజీవంగా ఉండగలదు. కంటికి కనిపించనంత రక్తం అంటిన కత్తి కూడా ఒకరి వ్యాధిని మరొకరికి చేర్చగలదు. హెచ్.ఐ.వి. గురించి అవగాహన పెరిగిన తరువాత మన నగరాలలోని క్షురకశాలలు ఒక్కొక్కరికి ఒక్కొక్క కొత్త బ్లేడును అమర్చే కత్తికి మారాయి. ఆకారంలో అది పాత ఉస్తరాను పోలి ఉంటుంది. దానికి సాన అవసరం లేదు. కొత్త బ్లేడును తన కళ్ళ ఎదుట విప్పించుకోవడం వచ్చినవారి హక్కు, అడగకముందే విప్పి చూపించడం వృత్తిధర్మం.

ఈ మార్పు వల్ల ప్రజల ఆరోగ్యానికి మేలు జరిగింది. దానితో పాటు పొదిలోని సానరాయి పక్కకు తప్పుకొంది. తండ్రి చేతి కింద ఏళ్ళ తరబడి నేర్చుకొన్న నేర్పు కొడుకుకు అక్కరలేనిదయింది. ఏది నిలుపుకోవాలి, ఏది విడిచిపెట్టాలి అనే ప్రశ్న ప్రతి వృత్తికీ ఒక కాలంలో ఎదురవుతుంది. అందరి ముఖాల మీద ఒకే కత్తిని వాడే అలవాటును విడిచిపెట్టడం వివేకం. ఆ కత్తి వెనుక ఉన్న విజ్ఞానాన్ని కూడా దానితోపాటు పారవేయడం నష్టం. తన కత్తిని తానొక్కడే వాడుకొనే మనిషి ఇంట్లో మంగలికత్తీ, సానా నేటికీ నిరపాయంగా ఉండవచ్చు. దేశదేశాలలో ఆసక్తి గలవారు ఈ విద్యను మళ్ళీ నేర్చుకొంటున్నారు. ఉలి పట్టే వడ్రంగికీ, కత్తెర పట్టే దర్జీకీ ఇదే విజ్ఞానం ప్రతిదినం అవసరం.

గీరకుండా తెగే వాదర, నొప్పి తెలియని ముఖం, నమ్మి వచ్చినవాని తృప్తి. వీటి కోసం క్షురకుడు ఎవరూ చూడని వేళ రాతి మీద మరికొన్నిసార్లు కత్తిని ఆడించేవాడు. ఆ చివరి కొన్ని ఒరిపిళ్ళు కంటికి కనిపించవు. వాటి ఫలితం చర్మానికి తెలుస్తుంది. అరిగి పల్లమైన ఆ చిన్న రాతిని గౌరవించడమంటే పనిని చివరిదాకా శ్రద్ధగా చేసిన చేతులను గౌరవించడమే.

కఠిన పదాలు - అర్థాలు

వాదర : కత్తి అంచు
క్షురకుడు : క్షౌరం చేసేవాడు
పొది : పనిముట్ల సంచి
ఒరిపిడి : రాపిడి, ఘర్షణ
తలం : ఉపరితలం, ముఖం
మూస : లోహాన్ని కరిగించే మట్టి పాత్ర
కురువిందం : కెంపు జాతికి చెందిన గట్టి ఖనిజం
నొక్కు : అంచు మీద ఏర్పడిన చిన్న లోపం
హితం : మేలు చేసేది

ప్రశ్నలు

అ) ఈ కింది ప్రశ్నలకు విపులంగా సమాధానాలు రాయండి.
1. తుది సానను ఎన్నుకొనేటప్పుడు గమనించవలసిన అంశాలను వివరించండి.
2. గట్టిదనం, సూక్ష్మత రెండూ ఉన్న రాయే తుది సానకు ఎందుకు అర్హమో హైదరాబాదు పరిసరాల రాళ్ళను ఉదాహరణగా తీసుకొని చర్చించండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. మంగలికత్తిని తిరుగుడు సానచక్రానికి ఎందుకు ఆనించకూడదు?
2. శస్త్రాల పదును విషయంలో సుశ్రుతుడు చెప్పిన విశేషాలేవి?
3. క్షురకశాలలు బ్లేడు కత్తికి మారడానికి కారణమేమిటి?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 'ఊట్జ్' అనే మాటకు మూలమని పండితులు భావించే పదమేది?
2. తోలుపట్టాను ఉర్దూలో ఏమంటారు?
3. కార్బొరండాన్ని తయారుచేసిన శాస్త్రజ్ఞుడెవరు?

ఈ) మీ ప్రాంతంలోని ఒక చేతివృత్తివారిని కలిసి, వారు వాడే పనిముట్ల పేర్లను, వాటిని కాపాడుకొనే పద్ధతులను సేకరించి ఒక వ్యాసం రాయండి.